నీళ్ళొచ్చిన రోజు నా చెయ్యి

కొత్తగా అంగనవాడి పనిలో చేరిన ఆయమ్మలు నన్ను అడిగే మాట ఒకటే. "సూపర్‌వైజరు మేడం వస్తే మీ పిల్లోళ్ళు గడగడా చెప్తాండిరంట కదా పెద్దమ్మా, మా పిల్లోళ్ళు నోరే తెరవరు, ఏం చేసేది?" అని. దానికి నా కాడ ఒక గుట్టు ఉండె. ఇరవై ఎనిమిదేండ్లు ఆ గుట్టుతోనే నెట్టుకొచ్చినా. అది చెప్తా. అది నన్ను ఎట్ల తలదించుకునేటట్ల చేసిందో గూడా చెప్తా. రెండూ విన్నాక మీకు ఏది కావాలో అది తీసుకోండి. నేను చదివింది మిషను బడిలో నాలుగు దాకా, ఆమీద అచ్చరాలు పోకుండా కాపాడింది బైబిలు. తప్పులుంటే సర్దుకోండి.

మా అంగనవాడి బళ్ళారి జిల్లాలో హచ్చొళ్ళి దాటినాక, కాలువ గట్టున ఉండే క్యాంపులో ఉండాది. క్యాంపంటే ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి భూములు కొని వరి పెట్టుకున్నోళ్ళ ఊరు. టీచరుది కన్నడ, నాది ఈ పక్క తెలుగు, క్యాంపోళ్ళది వాళ్ళ గోదావరి తెలుగు. మా కాడ పెరిగిన పిల్లోళ్ళు మూడూ కలిపి ఒకటే మాట అనుకుంటాండిరి. టీచరు "కూతుకో" అంటే కూచుంటారు, నేను "లేయ్" అంటే లేస్తారు. ఇద్దరం ఒకేసారి అంటే సగం మంది కూచోని సగం మంది లేస్తారు. టీచరు మంచి మనిషి. బల్లికి తప్ప ఎవురికీ భయపడదు. బల్లి కనపడితే మాత్రం రిజిస్టరు నెత్తిన పెట్టుకోని బైటికి పోతాది, నేను చీపురు తీసుకోని లోపలికి పోతా. ఇరవై ఏండ్లు అట్లనే కాపరం చేసినాం ఇద్దరం.

నా పని మీకు తెలిసిందే. కసువు ఊడ్చేది, రవ్వతో ఉప్పిట్టు చేసేది, ముక్కులూ ముడ్లూ కడిగేది. అన్నిటికంటే ముందు, పొద్దున ఇల్లిల్లూ తిరిగి పిల్లోళ్ళను పిల్చుకొచ్చేది. దారి కాలువ గట్టు మీదనే. ఒక బిడ్డ చొక్కా కొన ఇంకో బిడ్డ పట్టుకుంటాది, అట్ల రైలు మాదిరి వస్తారు. నేను ముందు నడుస్తా, కానీ ఎనక్కి నడుస్తా. నా వీపు బడి పక్క, నా మొగం పిల్లోళ్ళ పక్క. ఎవురు కాలువ అంచుకు పోతారో, ఎవురి చెప్పు జారిపోతాదో చూడాల కదా. "రాండి, రాండి, ఆడ రాయుండాది, చూసుకోని రాండి" అని చెయ్యి చాపుకోని ఎనక్కి ఎనక్కి పోతాంటి. ఒకసారి ఎనుము పేడలో కాలేసినా, ఒకసారి నిలబెట్టిన ట్రాక్టరుకు పోయి తగులుకున్నా. క్యాంపు మగోళ్ళు నాకు "రివర్సు గేరు ఆయమ్మ" అని పేరు పెట్టిరి.

ఇంక ఆ గుట్టు. మేడం వచ్చి కుర్చీలో కూచుంటాది, పిల్లోళ్ళు ఎదురుగా కూచుంటారు. నేను నీళ్ళ చెంబు పట్టుకోని మేడం కుర్చీ ఎనక నిలబడతా. నేను చెవి పట్టుకుంటే "నమస్తే మేడం" అనాల. నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటే పాట. ముక్కు గీరుకుంటే పండ్ల పేర్లు. చెయ్యి పైకెత్తితే చప్పట్లు. పిల్లోళ్ళు తననే చూస్తాండారని మేడం అనుకుంటాది. వాళ్ళు చూసేది నా చెయ్యిని. ఒకసారి నాకు నిజంగానే ముక్కు దురద పెట్టింది, గీరుకుంటి. అప్పుడే మేడం ఒక పిల్లోణ్ణి మీ నాయన పేరేంది అని అడిగింది. వాడు "మామిడి, అరటి, దానిమ్మ" అనె. మేడం కడుపు పట్టుకోని నవ్వి, పుస్తకంలో బాగుందని రాసిపోయింది.

మూడేండ్ల కిందట, నేను రిటైరు కావాల్సిన ఏడాది, ఎండాకాలం ముగిసేటప్పుడు బెంగళూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎనక కెమెరా మోసుకోని ఒకాయప్ప. అంతే, ఇద్దరే. సినిమా తీస్తారంట అంటే క్యాంపంతా తలలు దువ్వుకునింది. హీరో ఎవురని ఒకరు, మా ట్రాక్టరు పెట్టుకుంటారా అని ఒకరు. ఆ అమ్మాయి మా చాప మీద కూచోని నిమ్మళంగా చెప్పింది. మూడేండ్ల బిడ్డ ఒకటి కావాలంట, అది దినమూ చేసేదే తీస్తారంట. కథ లేదంట, ఫైటింగులు లేవంట, మాటలు గూడా శానా ఉండవంట.

"మరి ఏముంటాదమ్మా దాంట్లో?" అంటి.

"పాప చూస్తుంది ఆయమ్మా. అంతే."

"చూసేది సినిమానా?"

"చూసేదే సినిమా."

పాపం, శానా చదివినట్లుండాది అని టీచరు నా చెవిలో కన్నడలో గొణిగె.

ఆ అమ్మాయి రెండు దినాలు మూలన కూచోని పిల్లోళ్ళనంతా చూసి, మా బుడ్డదాన్ని పట్టుకునింది. బుడ్డదానికి మూడున్నర. వాళ్ళ నాయనకు కుడతిని ఊర్లో కరెంటు ఫ్యాక్టరీలో పని. తమ్ముడు పుట్టినాడని, తల్లికి చేతకాదని, దాన్ని రెండు నెలల ముందు అవ్వ కాడికి క్యాంపుకు తెచ్చి విడిచిరి. అది వచ్చింది ఎండాకాలంలో. కాలువంటే దానికి ఇసుక, మేక పెంటికలు ఉండే పొడుగు గుంత. దాంట్లో నీళ్ళొస్తాయని దానికి తెలవదు. ఆ అమ్మాయికి కావాల్సింది అదే. డ్యాము నుంచి నీళ్ళు విడిచినాక, ఎండిన కాలువలో మొదటి నీళ్ళు నడుచుకుంటా వస్తాయి చూడండి, అది ఆ బిడ్డ మొదటిసారి చూసేది సినిమాకు ఆఖరు. అది లేకుంటే ముందు తీసిందంతా దండగ అని ఆమె నాతోనే చెప్పింది. నీళ్ళొచ్చేది ఏడాదికి ఒక్కసారి. కెమెరా గూడా వేరేవాళ్ళది, మరుసటి దినమే తిరిగియ్యాల. మళ్ళీ ఏడాదికి రావాలంటే ఈ బిడ్డ ఇట్లనే ఉంటాదా?

మొదట్లో శానా బాగా జరిగింది. కెమెరా అప్ప గోనెసంచి పరుచుకోని నేల మీద బోర్లా పండుకుంటాండె. బిడ్డ కండ్లు ఎంత ఎత్తులో ఉంటాయో కెమెరా గూడా అంతే ఎత్తులో ఉండాలంట. మా పిల్లోళ్ళకు ఆయప్ప వీపు బస్సు అయిపాయ. ముగ్గురు ఎక్కి కూచుంటే గూడా పలకడు, ఊపిరి పట్టుకోని తీస్తాంటాడు. ఉప్పిట్టు గిన్నె మీద మూత తీస్తే ఆవిరి పైకి పోతాది చూడండి, బుడ్డది దాన్ని పట్టుకునేదానికి చూస్తాది. స్టీలు తట్టలో ఎండ పడి గోడ మీద తెల్లగా ఎగురుతాది, బుడ్డది తట్ట కదిలిస్తే అదీ కదులుతాది. తట్టనే అట్ల ఒక ఉప్పిట్టు పూట అంతా ఆడిచ్చింది. నేను వేల తట్టలు తోమినా, ఆ ఎలుగును ఒక్క దినం చూడలేదు.

అంతా బాగుండాది కదా, నేను ఊరుకోవాల్సింది. నాకు చెయ్యి ఊరుకోదు. ఊరు కాని ఊరు నుంచి వచ్చిరి, మా బిడ్డ ఊరికే నిలబడితే మా అంగనవాడికి మర్యాద ఉంటాదా? కెమెరా ఎనక నిలబడి మెల్లగా చెవి పట్టుకుంటి. బుడ్డది చేతులు జోడించింది. నెత్తి ముట్టుకుంటి, పాట ఎత్తుకునింది. రెండో వారానికి ఆ బిడ్డ కొయ్యబొమ్మ మాదిరి అయిపాయ. ఆ అమ్మాయి కెమెరాలో చూసి చూసి, పాప ఎవరి పక్క చూస్తాందో అర్థం కావడం లేదని అనింది. మిమ్మల్నే చూస్తాదమ్మా, గౌరవం అంటి. ప్రభువు క్షమించాల, ఆ మాట నేను తడుముకోకుండా అన్నా.

నీళ్ళొచ్చే దినం దగ్గరికొచ్చింది. పాపకు ముందుగా ఏమీ చెప్పొద్దు ఆయమ్మా అని ఆ అమ్మాయి రెండు మాట్లు చెప్పింది. తలూపినా. చెప్పొద్దంటే ఎట్ల? ఇన్‌స్పెక్షను అంటే తయారు చెయ్యకుండా బిడ్డను నిలబెడతామా? బస్సెక్కి బళ్ళారికి పోయి, కౌల్ బజారులో ఆటోల సందులో నుంచి దూరి, మెరుపుల గౌను ఒకటి తెచ్చినా. దినమూ పొద్దున బుడ్డదాన్ని వంటగదిలోకి పిల్చుకోని నేర్పించినా. నీళ్ళొస్తాయి, నేను చెయ్యెత్తుతా, నువ్వు చప్పట్లు కొట్టి "గంగమ్మ తల్లీ, దండం" అనాల అని. నేను చర్చికి పొయ్యేదాన్నే, అయినా వాళ్ళింటి బిడ్డ వాళ్ళింటి మాటే చెప్పాల కదా. ఎనిమిది దినాలకు బుడ్డది నిద్రలో గూడా చెప్తాండాదని వాళ్ళవ్వ చెప్పి మురిసిపాయ.

ఆ దినం పొద్దున్నే మా తూము కాడ జనం. క్యాంపు ఆడోళ్ళు పసుపు కుంకుమ, టెంకాయలు తెచ్చిరి. నీళ్ళు ఎన్నింటికి వస్తాయని, మడులకు నీళ్ళు వంతులేసి విడిచే నీరుగంటాయన్ను అడిగితే, "నీళ్ళేమన్నా హచ్చొళ్ళి బస్సా అక్కా, టైము చెప్పేదానికి? ఆ బస్సే టైముకు రాదు" అనె. కెమెరా అప్ప కాలువ లోపల పండుకున్యాడు. బుడ్డది మెరుపుల గౌను, మొగానికి పౌడరు, బుగ్గన చుక్క, రెండు జడలకు కనకాంబరాలు. ఆ అమ్మాయి దాన్ని చూసి మొగం ఎట్లనో పెట్టింది గానీ, నేను ఎంత ప్రేమతో చేసినానో చూసి నోరు తెరవలేదు. కాలువ నడుమ బుడ్డదాన్ని నిలబెట్టి అందరం పక్కకు జరిగినాం. నేను జరిగి జరిగి కెమెరా ఎనక్కే పోయి నిలబడినా.

నీళ్ళొచ్చె. ఎగిరి దుంకి రావు అవి. నురగ కట్టుకోని, ఎండాకులూ పెంటికలూ ముందర తోసుకుంటా, నెర్రెలు కనపడితే ఆగి తాగి, మళ్ళీ కదిలి, బిడ్డ నడిచినట్ల వస్తాయి. ముందర చీమలు, కీచురాళ్ళు పరుగెత్తుతాంటాయి. వాటి కోసం కొంగలు దిగుతాయి. మట్టి వాసన మాకంతా తగిలింది. గట్టు మీద ముసిలోళ్ళు గూడా మాట మానేసి చూస్తాండారు.

బుడ్డది చూడలేదు. నన్ను చూస్తాండాది. రెప్ప వేయకుండా నా చెయ్యినే చూస్తాండాది. నీళ్ళు దాని చెప్పుల కిందికి వచ్చినాయి, కాలి ఏళ్ళు తడిసినాయి, అప్పుడు గూడా తల వంచలేదు. చెయ్యి ఎప్పుడు లేస్తాదో అని కాచుకోనుండాది. చెయ్యి ఎత్తకూడదు అనుకుంటి, కానీ ఆ బిడ్డ మొగంలో తప్పు చేసినానేమో అనే భయం చూసి, చెయ్యి దానంతట అదే లేచింది. బుడ్డది చప్పట్లు కొట్టి, "గంగమ్మ తల్లీ, దండం! నమస్తే మేడం!" అనింది. గట్టు మీద జనమంతా చప్పట్లు కొట్టిరి.

కెమెరా అప్ప లేచి గోనెసంచి దులుపుకున్యాడు. ఆ అమ్మాయి ఎనక్కి తిరిగి నన్ను చూసింది. నా చెయ్యి ఇంకా పైనే ఉండె.

తిట్టింటే బాగుండు. తిట్టలేదు. గట్టు మీద కూలబడింది. నేను పోయి పక్కన కూచోని అంతా చెప్పేసినా. చెవి, నెత్తి, ముక్కు, ఎనిమిది దినాల వంటగది, గౌరవం అన్న అబద్ధం, అంతా. ఆమె విని విని, "మీ మీద కోపం లేదు ఆయమ్మా, పాప ఎంత శ్రద్ధగా చూసిందో. చూడాల్సింది మాత్రం చూడలేదు" అనింది. కండ్లు తుడుచుకోని, సామాన్లు సర్దమని ఆయప్పకు చెప్పింది.

ఆ మాటే నాకు పట్టుకునింది. చూడలేదు. కాళ్ళు తడిసినాయి గానీ ఆ బిడ్డ ఇంకా నీళ్ళను చూడలేదు కదా.

బుడ్డదాన్ని చంకన ఎత్తుకోని, కాలువకు దాని వీపు పెట్టి, బడి లోపలికి తీసుకొచ్చి తలుపేసినా. టీచరును కావలి పెట్టినా. ఆమీద నీరుగంటాయన ఎంట పడినా. బుడ్డదాని అవ్వ మడి అన్నిటికంటే ఆఖరు, పిల్లకాలువ కొసన ఉండాది. ఆడికి నీళ్ళు ఎప్పుడొస్తాయప్పా అంటే నవ్వె. "ఆఖరు మడికి నీళ్ళంటే అడగద్దక్కా. వస్తే నాలుగింటికి వస్తాయి, రాకుంటే రేపు." చాలు అంటి. సినిమా అమ్మాయితో చెప్తే, ఆమె నన్ను నమ్మాలా వద్దా అన్నట్ల చూసింది. అమ్మా, ఈసారి నేను ఆడ ఉండనే ఉండను అంటి.

బుడ్డదాని మొగం కడిగినా. పూలు తీసేసినా. గౌను విప్పి, దాని పాత బులుగు చొక్కా తొడిగినా, ఉప్పిట్టు మరక ఉండేది. వాళ్ళవ్వకు నచ్చలేదు. "ఏంటమ్మా ఇది, పొద్దున్న పెళ్ళికూతురులా చేశావు, ఇప్పుడు పాచి మొహం చేసి పంపుతావా? టీవీలో జనం చూస్తే ఏమనుకుంటారు?" అంది. ఏమన్నా అనుకోనీ అవ్వా అంటి.

మూడింటికి పిల్లకాలువ కాడికి పోయినాం. ఆయప్ప గడ్డిలో పండుకున్యాడు. ఆ అమ్మాయి దూరంగా చెట్టు మాదిరి నిలబడింది. బుడ్డదాన్ని ఎండిన పిల్లకాలువలో విడిచి, ఆడుకో అని చెప్పి, నేను మడి పక్కన ఉండే గడ్డివామి ఎనక్కు పోయి కూచున్నా. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నా. వాటిని నమ్మేదానికి లేదు.

కొంచేపటికి అది నా కోసం ఎతికింది. "ఆయమ్మా" అని పిలిచింది. నేను పలకలేదు. "ఆయమ్మా, యాడుండావు?" అనింది. కొంగు నోట్లో కుక్కుకున్నా. ఇరవై ఎనిమిదేండ్లలో బిడ్డ పిలిస్తే నేను పలకని దినం అదొక్కటే. మూడోసారి పిలిచినప్పుడు గొంతు వణికింది దానికి. లేచి పోదామా అని మోకాళ్ళ మీదికి గూడా లేస్తి. అప్పుడే పిలుపు నిలిచిపాయ. ఏమీ వినపడలేదు. కొంగ ఒకటి గడ్డివామి మీంచి పోయి అటు పక్క దిగింది. నీళ్ళొచ్చినట్లుండాది అనుకుంటి. ఇంకొంచేపటికి దాని గొంతు మళ్ళీ వినపడింది. ఎవురితోనో మాట్లాడతాంది, మెల్లగా, ఏమంటాందో తెలవలేదు. గొంతు మాత్రం దూరం పోతాంది. తొంగి చూడాలని ప్రాణం పీకింది. చూడలేదు. చూసింటే అది నన్ను చూస్తాది.

పొద్దు వాలేటప్పుడు మోకాళ్ళ దాకా బురదతో పరుగెత్తుకోని వచ్చి నా మీద పడింది. ఏం చూసినావే అంటే చెప్పలేదు. దాని గుప్పిట్లో మునిగి బైటపడిన కీచురాయి ఒకటి ఉండె, దాన్ని నా చేతిలో పెట్టింది. ఆ అమ్మాయీ ఆయప్పా రాత్రి బస్సుకు పోవాల, సామాన్లు సర్దుకునే తొందర. వచ్చిందా అమ్మా అని అడిగితే, ఆమె నా రెండు చేతులూ పట్టుకోని ఊపి, ఏమీ చెప్పకుండా పోయింది. నవ్విందో ఏడ్చిందో గూడా చీకట్లో సరిగ్గా చూడలేదు.

ఆరు నెలలు ఏ కబురూ లేదు. నేను రిటైరు కావాల్సిన నెలలో ఒక పొద్దున మళ్ళీ దిగింది, గోడ మీద బొమ్మేసే చిన్న పెట్టె ఒకటి తీసుకోని. మా బడిలోనే చూపిస్తానంది. కిటికీలకు గోనెసంచులు కట్టినాం. గోడకు టీచరు వాళ్ళింటి తెల్ల పంచె కట్టినాం. బుడ్డదాని అవ్వ, నీరుగంటాయన, క్యాంపోళ్ళు పది మంది. ముందర పిల్లోళ్ళంతా చాప మీద. బుడ్డది నా పక్కన, నోట్లో ఏలు పెట్టుకోని.

పావుగంట గూడా లేదు సినిమా. ఆవిరి వచ్చె, తట్ట ఎలుగు వచ్చె, చీమలు వచ్చె. నీరుగంటాయన మా తూము యాడ, జనం యాడ, నేను యాడ అని అడుగుతానే ఉన్యాడు. ఆమీద పిల్లకాలువ వచ్చింది.

నీళ్ళు ఆకులు తోసుకోని వస్తాండాయి. బుడ్డది తల వంచి చూసింది. శానాసేపు చూసింది. దాని కండ్లు అంత పెద్దవని నాకు తెలవదు, దినమూ కాటుక పెట్టినదాన్ని నేనే. నీళ్ళు దాని కాలి ఏళ్ళకు తగిలినాయి. ఒక అడుగు ఎనక్కి వేసింది. నీళ్ళు ఒక అడుగు ముందుకు వచ్చినాయి. ఇంకో అడుగు వేసింది, అవీ వచ్చినాయి. అప్పుడు దానికి తెలిసిపాయ. నీళ్ళ పక్క మొగం పెట్టి, చెయ్యి చాపి, ఎనక్కి ఎనక్కి నడుచుకుంటా, మెల్లగా అంటాండాది:

"రాండి, రాండి. ఆడ రాయుండాది. చూసుకోని రాండి."

అవ్వ నా భుజం మీద చెయ్యేసింది. టీచరు ముక్కు చీదుకునింది. ఆ బిడ్డకు నేను ఎనిమిది దినాలు కూచోబెట్టి నేర్పించినాను, ఇది మాత్రం ఒక్కనాడూ నేర్పలేదు.

గోడ మీద ఆ మాట వినపడిన ఎంటనే, చాప మీద ఉండే మా పిల్లోళ్ళు లేచిరి. ఒకరి చొక్కా కొన ఒకరు పట్టుకున్యారు. రైలు కట్టి, ఆ పంచె పక్కకు, ఆ నీళ్ళ పక్కకు బయల్దేరిరి.

టీచరు, నీరుగంటాయన, ఆ అమ్మాయి, అందరూ ఒకేసారి తిరిగి నా చెయ్యి పక్క చూసిరి. నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉండె.